మూడూళ్ల పోలిక



నేడు నేను మీతో ముచ్చటింప బూనిన విషయము చరిత్రకు చేరినదా, నీతికి చేరినదా యని మీకు సందేహము కలుగవచ్చును. తన్ను ఇతరులతో పోల్చుకొని క్రుంగుటయో పొంగుటయో మనుష్యునకు అనాదిగా నున్న అలవాటు. దానిని మానుకొనుమని పెద్దలు ఒక్క మాటలో చెప్పి ఊరకుందురు. ఒక్క మాటతో మానునట్టి అలవాటే యైనచో ఈపాటికి లోకములో దాని జాడయే యుండకపోవును. ముప్పది నాలుగేండ్లు బడిలో తెలుగును, చరిత్రను చెప్పినవాడను గనుక నాకు తెలిసిన త్రోవ చరిత్రత్రోవయే. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మా మూడూళ్ల గాథలలో ఈ అలవాటు ఎన్ని వేషములు వేసినదో, దాని బారినుండి బయటపడినవారు ఎట్లు బయటపడిరో చూపి, తుదకు నా బడి ముచ్చట యొకటి చెప్పి ముగించెదను. ఆ ముచ్చటలో నేరస్థుడను నేనే.

ముందుగా పోలిక యనగా నేమో చూతము. అలంకారశాస్త్రము మొదలుపెట్టిన చిన్న విద్యార్థికిని ఉపమకు నాలుగంగములని తెలియును. పోల్చబడునది ఉపమేయము, దేనితో పోల్తుమో అది ఉపమానము, రెంటికిని సమానమైన గుణము సాధారణధర్మము, ‘వలె’ మొదలగు మాటలు ఉపమావాచకములు. ముఖము చంద్రునివలె ఆహ్లాదకరముగా నున్నదన్నప్పుడు ఆహ్లాదమే సాధారణధర్మము. చంద్రునిలోని మచ్చనుగాని, నెలకొకమాఱు అతడు క్షీణించుటనుగాని ఎవ్వరును ముఖమునకు అంటగట్టరు. ఈ నాలుగంగములలో ఏదైన లోపించినచో దానిని లుప్తోపమ యందురు. మనము దినదినము మన మనస్సులో చేసికొను పోలికలన్నియు లుప్తోపమలే. వానిలో లోపించునది సాధారణధర్మము. “వాడు నాకంటె గొప్పవాడు” అనుకొందుము. దేనిలో గొప్పవాడని ఎవరైన నిలదీసి యడిగినచో మన యొద్ద బదులుండదు.

న్యాయశాస్త్రమున ఉపమానమొక ప్రమాణము. అడవి యెఱుగని నగరవాసికి, గవయమను మృగము ఆవును పోలియుండునని ఒకరు చెప్పిరి. అతడు అడవికి పోయి, అట్టి మృగమును చూచి, ఇదియే గవయమని గ్రహించెను. అనగా తెలియనిదానిని తెలిసికొనుటకు పోలిక యొక పనిముట్టు. ఆవు కాలేదేమని గవయమును నిందించుటకు శాస్త్రకారులు దానిని కల్పింపలేదు. ఈ రెండు శాస్త్రవిషయములను శ్రోతలు జ్ఞప్తియం దుంచుకొన వేడెదను. ఇక ముందు చెప్పబోవు ప్రతి కథలోను మనము అడుగవలసిన ప్రశ్నలు రెండే: ఈ పోలికలో సాధారణధర్మమేది? ఈ పోలిక తెలిసికొనుటకా, నిందించుటకా?

పాశ్చాత్యులును ఈ విషయమును విచారించిరి. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడగు లియాన్ ఫెస్టింగర్ 1954లో దీనినిగూర్చి యొక సిద్ధాంతమును ప్రకటించెను. తన శక్తిని కొలుచుకొనుటకు నిలుకడగల కొలబద్ద దొరకనప్పుడు మనుష్యుడు ప్రక్కవానినే కొలబద్దగా చేసికొనునని ఆయన మతము. అందును తనకు మిక్కిలి దూరమున నున్నవానిని వదలి, తనకు సమీపముగా నున్నవానినే ఎన్నుకొనునట. కూలివాడు చక్రవర్తిని చూచి ఏడ్వడు. తోడికూలికి పావలా యెక్కువ వచ్చిన ఏడ్చును. ఈ మాట మనుష్యులకే గాదు, ఊళ్లకును చెల్లును.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము బెంగుళూరికి పోవు రైలుమార్గమున ఒకదాని తరువాత ఒకటిగా నున్న యూళ్లు. పొరుగూళ్లు గనుక పోలిక తప్పదు. రైలుపెట్టెలో మూడూళ్లవారు ఎదురెదురుగా కూర్చుండిన, బండి కదలకముందే వాదము కదలును. “రాయలేలిన రాజధాని మాది, కోట మాది” యని పెనుకొండవాడు. “లోకమంతయు కట్టు పట్టుచీరె మాది, నాలుగు దారుల రైలుకూడలి మాది” యని ధర్మవరమువాడు. “బెల్లము, చింతపండు, మిరపకాయ ఎక్కడ అమ్ముకొందువు? మా సంతకు రాక తప్పునా?” యని హిందూపురమువాడు. 1882లో బళ్లారి జిల్లానుండి అనంతపురము జిల్లాను వేఱుచేసిన తరువాత చాలకాలము ఈ వాదము వేడుకగానే సాగెను. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి పుట్టపర్తి దానికి కేంద్రమైనప్పుడు మాత్రము వేడుక వేడుకగా నిలువలేదు. తమ పట్టణమే కేంద్రము కావలెనని హిందూపురమున ఆందోళనలు జరిగెను. కార్యాలయములు దగ్గఱనుండవలెననుట న్యాయమైన కోరికయే. దూరము కొలువదగినది, ప్రయాణపు ఖర్చు లెక్కింపదగినది. కాని రచ్చబండలమీద నేను విన్న మాటలలో దూరముకంటె “వారికంటె మనము తక్కువవారమా?” యను మాటయే యెక్కువగా వినబడెను. మొదటిదానిలో సాధారణధర్మము కలదు. రెండవదానిలో లేదు.

ఇక పెనుకొండకు పోదము.

1565 జనవరిలో రాక్షసితంగడి యుద్ధమున అళియ రామరాయలు నిహతుడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరునకు చక్రవర్తియగు సదాశివరాయలను వెంటగొని, విజయనగరమును విడిచి పెనుకొండ చేరెను. ఇంతవఱకు పిల్లలు పాఠములలో చదువుదురు. ఆ తరువాతి సంగతి అంతగా ప్రసిద్ధము కాదు. తిరుమలరాయలు కొంతకాలమునకు మరల విజయనగరమునకు పోయి, పాడువడిన యా నగరమున జనమును నిలుపుటకు ప్రయత్నించెను. 1567లో ఆ నగరమును దర్శించిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరిక్కు, ఇండ్లు నిలిచియే యున్నవిగాని యందు మనుష్యులు లేరనియు, వన్యమృగములు తిరుగుచున్నవనియు వ్రాసెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు. తిరుమలరాయలు పెనుకొండనే తన రాజధానిగా చేసికొనెను. 1570 ప్రాంతమున ఆరవీటివంశపు తొలి చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యెను.

శ్రోతలారా, ఆ మనుష్యుని మనస్సును ఒక్కసారి తలపునకు తెచ్చుకొనుడు. తుంగభద్రాతీరమున క్రోసుల పర్యంతము వ్యాపించిన నగరమును చూచిన కన్నులవి. కృష్ణదేవరాయల వైభవమును విన్న చెవులవి. ఇచ్చట నున్నదో, నిట్టనిలువుగా లేచిన యొక కొండ, దాని చుట్టు కోట, క్రింద ఒక చిన్న గగనమహలు. పోల్చుకొన్నచో బ్రదుకలేడు. రెండేండ్లు పోల్చుకొనియే యుండవచ్చును. పాత నగరమును బ్రతికింప బోవుటకు కారణమదియే కావచ్చును. తుదకు ఆయన అడిగిన ప్రశ్న మాఱినట్లు కార్యములను బట్టి తోచుచున్నది. “ఇది హంపివలె నున్నదా?” యను ప్రశ్నను విడిచి, “ఇప్పుడు నిలువ దగినచోటేది?” యని అడిగెను. ఆ ప్రశ్నకు కొండకోటయే బదులు. తన ముగ్గురు కొడుకులలో శ్రీరంగరాయలను పెనుకొండయందును, రాముని శ్రీరంగపట్టణమందును, వెంకటపతిని చంద్రగిరియందును నిలిపి, మిగిలినదానిని కాపాడుటకు ఏర్పాటు చేసెను. 1586 మొదలు 1614 వఱకు ఏలిన వెంకటపతిరాయల కాలమున గోల్కొండసేన పెనుకొండను ముట్టడించియు గైకొనలేకపోయెను. రాజధాని పిదప చంద్రగిరికి, వేలూరికి తరలినది. అయినను విజయనగరరాజ్యము రాక్షసితంగడితో ముగిసెనని చెప్పుట తప్పని చెప్పుటకు పెనుకొండయే సాక్ష్యము.

పెనుకొండ నుండి మఱియొక పోలిక పుట్టినది, అది సాహిత్యములోనిది. అల్లసాని పెద్దన మనుచరిత్రమును కృష్ణదేవరాయలకు అంకితమిచ్చెను. భట్టుమూర్తి యను రామరాజభూషణుడు వసుచరిత్రమును తిరుమలరాయలకు అంకితమిచ్చెను. ఆనాటినుండి నేటివఱకు పండితులు రెండుపక్షములై, మను గొప్పదా, వసు గొప్పదా యని తగవులాడుచునే యున్నారు. నా చిన్ననాట మా గురువుగారి యరుగుమీద ఈ తగవు వినని సాయంకాలము లేదు. కాని యొక విశేషము గమనింపుడు. పెద్దన ముందుండగా భూషణకవి చేసినదేమి? పెద్దనవలె కథ చెప్పబోలేదు. పెద్దన కథాకథనమున, పాత్రపోషణమున సిద్ధహస్తుడు. భూషణకవి శ్లేషను, సంగీతపు నడకను చేపట్టి, మహాభారతములోని చిన్న యుపాఖ్యానమును తీసికొని, చెవికి వీణవంటి కావ్యమును చేసెను. పెద్దనను చదివి నేర్చుకొనెను, పెద్దన కాబోలేదు. అది గవయమును గవయముగా గుర్తించుట.

దాని తరువాతి కథ దుఃఖకరమైనది. వసుచరిత్రమునకు వచ్చిన కీర్తిని చూచి, అదే యెత్తుగడ, అదే వర్ణనక్రమము, అదే శ్లేషమోజు పట్టుకొని కవులనేకులు కావ్యములు వ్రాసిరి. తెలుగువారు వానికి పెట్టిన పేరు ‘పిల్ల వసుచరిత్రలు’. ఆ పేరులోనే తీర్పుకలదు. ఆ కవులు పాండిత్యము లేనివారు కారు. వారిలో కొందఱి పాండిత్యము మనవంటివారికి నూఱు జన్మములకును రాదు. కాని ఒకరిని కొలబద్దగా చేసికొన్నవాని కావ్యమును లోకమును ఆ కొలబద్దతోనే కొలుచును. కొలిచి, పిల్ల యని పేరుపెట్టును. పోల్చుకొనుటవలన కలుగు నష్టమునకు సాహిత్యచరిత్రలో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు తెలియదు.

ధర్మవరమున ఈ కథ వేఱొక రీతిగా నడచినది.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1853లో ఆ యూర జన్మించి, బళ్లారిలో న్యాయవాదియై ప్రసిద్ధిచెందిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు 1854లో హంపికి చేరువనున్న కమలాపురమున జన్మించి, వారును బళ్లారిలోనే న్యాయవాదియైరి. వయస్సున ఒక యేడు తేడా. ఊరొకటి, వృత్తియొకటి, వ్యసనమును ఒక్కటియే, అది నాటకము. ఆచార్యులవారికి సరసవినోదినీసభ, రావుగారికి సుమనోరమసభ. ఫెస్టింగరు సిద్ధాంతమునకు ఇంతకంటె తగిన ఉదాహరణము దొరకదు. బళ్లారి పౌరులు వారిని పోల్పక విడిచిరనుకొందురా? చూచువారు రెండుపక్షములైరి. ఇరువురును ముప్పదికి చేరువగా నాటకములు వ్రాసిరి.

పోటీ నిజమే. కాని దాని ఫలమెట్టిది? ఆచార్యులవారు చిత్రనళీయము మొదలగు పౌరాణికనాటకములతో తెలుగు రంగస్థలమునకు ఒక రూపు కల్పించిరి. సంస్కృత లాక్షణికులు నిషేధించిన విషాదాంతమును ధైర్యముతో చేపట్టి విషాదసారంగధరమును రచించిరి. రావుగారు అదే త్రోవను పోయి యుండినచో పిల్ల ధర్మవరమని పేరుపొందియుందురు. వారు తమ జన్మభూమి వైపు చూచిరి. హంపి శిథిలములనడుమ పుట్టినవానికి చరిత్రకంటె దగ్గఱిచుట్టమెవ్వరు? రాక్షసితంగడి విషాదమును వస్తువుగా గొని రామరాజుచరిత్రమను నాటకమును వ్రాసిరి. ఆచార్యులవారు 1912లోను, రావుగారు 1919లోను గతించిరి. తరువాతి తరమువారు ఒకరిని ఆంధ్రనాటకపితామహుడనియు, వేఱొకరిని ఆంధ్రచారిత్రకనాటకపితామహుడనియు గౌరవించిరి. ఒకే సింహాసనము కొఱకు పోట్లాడుచున్నారని జనులనుకొనిరి. చరిత్ర చూడగా సింహాసనములు రెండున్నవి.

ఇందులో ఇంకొక చమత్కారము కలదు. రామరాజుచరిత్రములోని పఠాను రుస్తుము పాత్రకు ప్రాణము పోసి దేశమంతట పేరు గాంచినవారు బళ్లారి రాఘవగారు. 1880లో జన్మించి, ఇంగ్లండు వెళ్లి బెర్నార్డు షాను కలిసికొన్న ఆ మహానటుడు ఎవరనుకొంటిరి? ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు. మామగారి ప్రతిపక్షియని జనులెంచిన కవి నాటకమును మేనల్లుడు వెలిగించెను. పక్షములు ప్రేక్షకులవి, కళ ఎవరి పక్షమును కాదు.

ధర్మవరము పట్టుచీరెకును ఈ బాధ తప్పలేదు. అంగడిలో చీరె విప్పగానే, “కంచిపట్టంత యుండునా?” యని యడుగుట అందఱికిని అలవాటు. కంచిలో ఒడలును, అంచును వేఱువేఱు రంగుల నేసి కోర్వై యను పద్ధతిని కలుపుట ఒక విద్య. వెడల్పైన అంచులపై జరీపనియు, రెండు రంగులు కలసి నీడలాడు ఛాయయు ధర్మవరపువారి విద్య. చట్టము సైతము రెంటికిని వేర్వేఱుగా భౌగోళికగుర్తింపు నొసగినది. ఆ గుర్తింపునకు అర్థమేమి? ఈ వస్తువు ఈ నేలది, దీనికి సాటి యని పెట్టదగినది దీని పేరే యని. చట్టమునకు తెలిసిన సత్యము మనకు తెలియుటకు జాగగుచున్నది.

ఇక హిందూపురము. గుత్తికోటనేలిన మరాఠాసేనాని మురారిరావు, తన తండ్రి హిందూరావు పేర దీనిని కట్టించెనని స్థలచరిత్ర చెప్పును. ఈ యూరికి కోటలేదు, కావ్యములేదు. ఉన్నది సంత. ఆ సంతయే నాకొక పాఠము చెప్పినది. త్రాసులో బెల్లమును తూచుదురు, చింతపండును తూచుదురు. కాని ఒక తట్టలో బెల్లమును, రెండవ తట్టలో చింతపండును పెట్టి, ఏది గొప్పయని తూచు వెఱ్ఱివర్తకుడు ఎన్నడును కనబడడు. రెండవ తట్టలో నుండవలసినది రాయి. అనగా అందఱికిని ఒక్కటియై, కదలక మెదలక యుండు తూకము. మనమో, మన బెల్లమును పొరుగువాని చింతపండుతో తూచుకొని రాత్రులు నిద్ర పోగొట్టుకొందుము. ఈ దినములలో చేతిలో ఫోను వచ్చినది. పూర్వము వీథిలోని నలుగురితో పోల్చుకొన్నవాడు ఇప్పుడు లోకమందలి పండుగబట్టలన్నిటితోను తన మాసినబట్టను పోల్చుకొనుచున్నాడు.

హిందూపురమునకు ఇంచుమించు పదునైదు కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529 మొదలు 1542 వఱకు గల కాలమున, విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు అచ్చటి వీరభద్రాలయమును పెంపొందించిరి. అందు కల్యాణమండపము పూర్తికాక నిలిచిపోయినది. రాజధనమును దుర్వ్యయము చేసెనని నిందపడి విరుపణ్ణ తన కన్నులను తానే పెఱికికొనెనను గాథ జనులు చెప్పుకొందురు. గాథను గాథగానే తీసికొందము. నేను ఏటేట పిల్లలను అచ్చటికి గొనిపోయెడివాడను. పూర్తియైన నాట్యమండపమును చూపి మెచ్చుకొని, పూర్తికాని మండపమును చూపి, “పని సగములో విడిచిన ఇట్లుండును, చూడుడు” అని నీతి చెప్పెడివాడను. ఆ ప్రక్కనే లతామండపము కలదు. దాని స్తంభములమీద శిల్పులు చెక్కిన తీగల అల్లికలు ఎన్నియో! ఒకదానివలె మఱియొకటి యుండదు. చీరె అంచులకు నమూనాలు కావలసినవారు అచ్చటికి వచ్చి వానిని కాగితముమీద దింపుకొందురు. ఈ సంగతి నాకు ఆ దినములలో తెలియదు. తెలిపినవాడొకడు కలడు, వాని కథయే ఇప్పుడు చెప్పవలసినది.

అంతకుముందు ఒక చిన్న ముచ్చట. సరస్వతీపుత్రులని పేరొందిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు 1914లో జన్మించి, బాల్యమున పెనుకొండలో పెరిగిరి. పాడువడిన కోటను చూచి, చిన్నవయస్సుననే పెనుగొండలక్ష్మి యను కావ్యమును వ్రాసిరి. పిదప వారు విద్వాన్ పరీక్షకు కూర్చుండునప్పటికి ఆ కావ్యమే పాఠ్యగ్రంథమైనది. కవియే విద్యార్థి! అప్పుడు తమ కావ్యమునుగూర్చిన చిన్న ప్రశ్నకు పుటలకొలది బదులు వ్రాసి, కాలము చాలక, ఆ పరీక్షలో తప్పిరని చెప్పుదురు. ఆ కవి తరువాత శివతాండవమును వ్రాసిరి. 1972లో పద్మశ్రీ బిరుదమందిరి. పరీక్షలో వారికంటె ముందు నిలిచినవారు ఎవరో నేడు ఎవరికిని జ్ఞప్తిలేదు. పరీక్షలు వలదని నా యభిప్రాయము కాదు. నేను జీవితమంతయు పరీక్షలు పెట్టి బ్రదికినవాడను. పరీక్ష ఒకనాటి యొక పనిని కొలుచును, మనుష్యుని కొలువదు. ఈ ముచ్చటను నేను తరగతిలో ఎన్నిసారులు నవ్వుచు చెప్పితినో లెక్కలేదు. చెప్పి, ఆ వెంటనే మార్కులకాగితములు పంచి, నేను చేయు పనిని నేను చేయుచుంటిని.

ఆ పని యేమనగా: నేను ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో ఒక నేతగాని బిడ్డలు ఇద్దఱు నా యొద్ద చదివిరి. ఒక్క యేడు వయోభేదము, తరగతి యొకటియే. అన్న ప్రతి పరీక్షయందును మొదటివాడు. తమ్ముడు పుస్తకపు అంచులలో తీగలు, హంసలు గీచువాడు. కాగితములు పంచునప్పుడు నేను ఇద్దఱి కాగితములను రెండుచేతులతో ఎత్తిపట్టి, “ఒకే తల్లి బిడ్డలు, చూడండిరా!” యని తరగతికంతటికి చూపెడివాడను. పిల్లలు నవ్వెడివారు. బుద్ధి వచ్చుటకే చేయుచున్నానని నా నమ్మకము. ఒకనాడు తమ్ముడు తన కాగితమును నాలుగు మడతలు మడిచి, నా బల్లమీద పెట్టి, నమస్కరించి పోయెను. మఱునాటి నుండి బడికి రాలేదు. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసితిని.

ఇరువది యేండ్ల తరువాత మా అమ్మాయి పెండ్లికి చీరెలు కొనుటకు ధర్మవరమున ఒక సందులోని మగ్గములయింటికి పోయితిని. యజమాని నన్ను చూచి లేచి నిలబడి కాళ్లకు మ్రొక్కెను. గోడమీద గళ్లకాగితమున తీగల అల్లిక గీసియున్నది. “ఇది లేపాక్షి లతామండపంలోది, అయ్యవారూ. మీతో వచ్చినప్పుడే మొదటిసారి గీసుకున్నాను. మీరు అవతల నీతి చెబుతా ఉంటిరి” యని నవ్వెను. దానినిబట్టి జాకార్డు అట్టలు కొట్టించి, అంచు నేయించుచున్నాడు. నాకు మాట పెగలలేదు. కొంతసేపటికి, “నాయనా, ఆనాడు నేను చేసినది తప్పు. నామీద కోపమున్నచో చెప్పు” అంటిని. వాడు తలవంచి, “మీమీద కోపం ఎందుకుంటుంది అయ్యవారూ? కోపమంతా మా అన్నమీదికి పోయింది. ఇరవైయేండ్లయింది వానితో మాట్లాడి” అనెను.

శ్రోతలారా, ఆ దినము నేను పోలిక యను దాని ఫలమును కన్నులార చూచితిని. చదువుమానుట చిన్న నష్టము. వాడు తన విద్యను తాను సంపాదించుకొనెను. అన్నదమ్ములు విడిపోవుట పెద్ద నష్టము. దానిని విడదీసిన కత్తి ఎవరి చేతిలో నుండెనో నాకు తెలియును. ఇంటికి వచ్చి, అన్న యెక్కడ నున్నాడో విచారించి, బెంగుళూరిలో ఉద్యోగము చేయుచున్న వానితో ఫోనులో మాటాడితిని. వాడు చెప్పిన మాట మొదటిదానికంటె నన్ను ఎక్కువగా నొప్పించినది. “ప్రతి పరీక్షకు ముందు నాకు జ్వరం వచ్చేది అయ్యవారూ. ఒక్కసారి జారితే తమ్ముని కాగితం ఉండే చేతిలోకి నా కాగితం వస్తుందని భయం. వాడు నాకంటే ఎంత బాగా బొమ్మలు వేసేవాడో మీరు ఏనాడూ చెప్పలేదు” అనెను. తక్కువవాడని చెప్పబడినవాడు మాత్రమే బాధపడునని నేను అనుకొంటిని. ఎక్కువవాడని చెప్పబడినవానికి నిద్రలేదు.

ఇక ఈ అలవాటును గెలుచుటెట్లు? చరిత్ర నేర్పినదానినే చెప్పెదను. మొదటిది: పోలిక మనస్సున మెదలగానే సాధారణధర్మమును అడుగుడు. దేనిలో పోల్చుచున్నాను? అది కొలువదగినదా? బదులు దొరకనిచో అది పోలిక కాదు, పుండు. దానిని గోకరాదు. రెండవది: ఎదుటివానిని న్యాయాధిపతిగా గాక గురువుగా చేసికొనుడు. భూషణకవి పెద్దనయొద్ద నేర్చెను. పిల్ల వసుచరిత్రకారులు భూషణకవి యెదుట ముద్దాయిలై నిలిచిరి. మూడవది: పోయినదానితో ఉన్నదానిని పోల్పక, ఉన్నదానితో చేయదగినదేమో తిరుమలరాయలవలె విచారింపుడు. నాలుగవది: ఎదుటివాడు గెలిచినచోట మీ సింహాసనమును వెదకకుడు, కోలాచలమువారివలె మీ జన్మభూమివైపు తిరిగిచూడుడు. తప్పక పోల్చుకొనవలెనన్నచో నిన్నటి మీతో నేటి మిమ్మును పోల్చుకొనుడు. అందు సాధారణధర్మము పుష్కలముగా కలదు. మనుష్యుడొక్కడే, పనియొక్కటే, మాఱినది దినము మాత్రమే.

ఇది పెద్దలకు. పిల్లలను పెంచువారికిని, చదువు చెప్పువారికిని వేఱొక మాట కలదు. పిల్లవాడు తన్ను తాను పోల్చుకొనుట పుట్టుకతో నేర్వడు. ఎవరో నేర్పుదురు. రెండుచేతులతో రెండు కాగితములను ఎత్తి చూపువాడు నేర్పును. కాబట్టి మానవలసినది మొదట వాడు కాదు, మనము.

మీలో కొందఱు ఆ యన్నదమ్ముల సంగతి యేమైనదని యడుగుదురు. ఆ వచ్చిన ఉగాదికి అన్న బెంగుళూరి నుండి ధర్మవరమునకు వచ్చెననియు, ఇద్దఱును ఒక పంక్తిలో కూర్చుండి భోజనము చేసిరనియు వింటిని. ఇరువది యేండ్ల మౌనము ఒక పండుగ భోజనముతో తీరిపోవునని నేను భ్రమపడను. మా అమ్మాయి పెండ్లిచీరె అంచున మాత్రము లేపాక్షి తీగ యున్నది. దానిని చూచినప్పుడెల్ల హాజరుపట్టీలో నేను కొట్టివేసిన పేరు నాకు జ్ఞప్తికి వచ్చును.

సెలవు.